పడవ ట్రైలర్‌కు రోలర్లా, స్కిడ్లా? ముందు ర్యాంప్ సంగతి చూడండి

ఐదు మీటర్ల అల్యూమినియం పడవ, వెనక ఔట్‌బోర్డ్ మోటారు, ఉప్పునీళ్లు, ఆటు వేళ నీరు బాగా వెనక్కిపోయే ఏటవాలు తక్కువ ర్యాంప్ (పడవను నీళ్లలోకి దించే వాలు దారి), పైగా ఎక్కువసార్లు మీరొక్కరే వెళ్తారు. మీరిచ్చిన వివరాలివి. ట్రైలర్‌కు రోలర్లు (పడవ దొర్లుకుంటూ దిగే చిన్న చక్రాలు) కొనాలా, స్కిడ్లు (పడవ అడుగు ఆనే పొడుగాటి పట్టెలు) కొనాలా అని అడిగారు. నా జవాబు: మధ్యలో కీల్ (పడవ అడుగున ముందు నుంచి వెనకదాకా పోయే వెన్ను) కింద వరసగా రోలర్లు, రెండు పక్కలా ప్లాస్టిక్ పట్టీలున్న స్కిడ్లు. పూర్తిగా రోలర్ల ట్రైలర్‌ మీద ఫైబర్ పడవనీ, పూర్తిగా స్కిడ్ల ట్రైలర్‌ మీద అల్యూమినియం పడవనీ చాలాకాలం లాగాను. ఇప్పుడు నా దగ్గరున్నది ఈ మూడో రకమే.

చాలామంది పడవ అడుగు ఏ మెటీరియల్ అన్నదాని దగ్గర మొదలుపెడతారు. నేనైతే ముందు ర్యాంప్ చూడమంటాను. స్కిడ్ల మీద పడవ అడుగంతా ఆనుకుని కూర్చుంటుంది కాబట్టి రాపిడి ఎక్కువ. అది సులువుగా దిగాలంటే దాదాపు తేలేదాకా ట్రైలర్‌ను నీళ్లలోకి దించాలి. ర్యాంప్ బాగా వాలుగా ఉంటే ఇది సమస్యే కాదు, కొంచెం వెనక్కి పోనిస్తే చాలు, పడవ తనంతట తనే లేస్తుంది. మీలాంటి చదును ర్యాంప్ మీద మాత్రం అంత లోతు దొరకాలంటే చాలా దూరం వెనక్కి పోవాలి. అప్పటికి కారు వెనక చక్రాలు కూడా ఉప్పునీళ్లలో ఉంటాయి. ఆటు వేళ కాంక్రీటు అయిపోయి బురద మొదలయ్యే ర్యాంపులూ ఉంటాయి, అక్కడ చక్రం దిగబడితే ఇక టెన్షనే. రోలర్లకు అంత లోతు అక్కర్లేదు. ట్రైలర్ వెనక కొస నీళ్లను అందుకుంటే చాలు, పడవ దొర్లుకుంటూ దిగిపోతుంది.

దీనివల్ల బేరింగులకూ మేలే. రోడ్డు మీద లాక్కొచ్చాక హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) వేడిగా ఉంటుంది. దాన్ని వెంటనే చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, ఆ లాగుడుకి సీల్ పక్కనుంచి నీరు లోపలికి వెళ్తుంది. ఉప్పునీరైతే గ్రీజు పాడై తుప్పు పడుతుంది. స్కిడ్ల ట్రైలర్ వాడిన రోజుల్లో ర్యాంప్ దగ్గరికి రాగానే హబ్ మీద చెయ్యి పెట్టి చూసి, వేడి తగ్గేదాకా సామాన్లు సర్దుకుంటూ ఉండేవాణ్ణి. ఇప్పుడు చాలాసార్లు హబ్‌లు తడవకుండానే పని అయిపోతోంది. అయినా ఆ అలవాటు మానలేదు, మీరూ చేసుకోండి.

రోలర్లతో ఉన్న అసలు ప్రమాదం కూడా వాటి సులువులోనే ఉంది. ర్యాంప్ పైనే వించ్ (పడవను ట్రైలర్ మీదికి లాగి పట్టి ఉంచే సాధనం) హుక్కు తీసేస్తే, పడవ తన బరువుకి తనే దొర్లి కాంక్రీటు మీద పడొచ్చు. స్కిడ్ల మీద రాపిడి పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ భయం తక్కువ, అయినా పూర్తిగా లేదనుకోవద్దు. ప్లాస్టిక్ పట్టీలు తడిస్తే బాగానే జారతాయి, వాటి మీద సిలికాన్ స్ప్రే కొడితే మరీనూ. అందుకే ఏ ట్రైలర్‌కైనా వించ్ స్ట్రాప్, ముందున్న సేఫ్టీ చైన్ నీటి అంచుకి చేరేదాకా తీయకూడదు. ఒక్కరే ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం. ముందు కొసకు ఒక తాడు కట్టి దాని రెండో కొసను ట్రైలర్‌కు ముడేయండి, చైన్ తీసి వించ్ వదులుతూ పడవను మెల్లగా దింపండి.

ఇక పడవ అడుగు సంగతి. రోలర్ ఆనేది చాలా చిన్న చోట, బరువంతా అక్కడే పడుతుంది. అల్యూమినియం రేకు లోపలి పక్కటెముకల మధ్య పల్చగా ఉంటుంది. అక్కడ గట్టి నైలాన్ రోలర్ ఆని ఉండి, రోడ్డు మీద గుంత తగిలిందంటే సొట్ట పడుతుంది. కొన్ని పడవల అడుగున అరచేయి ఆనించి మెల్లగా జరుపుతూ పోతే రోలర్లున్న చోటల్లా లోతు తెలుస్తుంది, కంటికి కనపడకపోయినా. ఫైబర్ పడవకు ఇదే ఒత్తిడి పైపూత అయిన జెల్‌కోట్‌లో సన్నటి పగుళ్లుగా బయటపడొచ్చు. పడవలో అన్నిటికన్నా గట్టి భాగం మధ్యనున్న కీల్. అందుకే బరువు కీల్ రోలర్ల మీద వేసి, పక్క స్కిడ్లను పడవ అటూ ఇటూ ఊగకుండా ఆనించడానికి వాడమంటున్నాను.

ఈ అమరిక బాగా కుదరాలి, లేకపోతే డబ్బు పోసి కొన్నా ఉపయోగం ఉండదు. పడవను ట్రైలర్ మీదికి ఎక్కించి, ట్రైలర్‌ను సమతలంగా నిలిపి, ఒక్కో కీల్ రోలర్‌నీ వేళ్లతో తిప్పి చూడండి. ఏదైనా తేలిగ్గా తిరిగిందంటే అది బరువు మోయడం లేదని అర్థం, దాని పక్కనున్న రోలర్ రెండింటి బరువూ మోస్తోంది. తేలిగ్గా తిరిగిన రోలర్ బ్రాకెట్‌ను కొద్దిగా పైకి లేపి బిగించండి. అన్నీ సమానంగా ఆనాకే స్కిడ్లను పైకి తెచ్చి అడుగుకి తాకించి బిగించండి. అడుగున పొడవునా స్ట్రేక్‌లు (ఉబ్బెత్తుగా ఉండే గట్లు) ఉంటే స్కిడ్లు వాటి మీదికి ఎక్కకుండా, వాటి మధ్య చదునుగా ఉన్న చోట ఆనాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. రోలరైనా స్కిడ్డైనా, ఆధారం ట్రాన్సమ్ (పడవ వెనక మోటారు తగిలించే పలక) కిందిదాకా ఉండి తీరాలి. మోటారు బరువంతా అక్కడే వేలాడుతుంది. ఆధారం ముందే ఆగిపోతే రోడ్డు మీద ప్రతి కుదుపుకీ ఆ వెనక భాగం కిందికి వంగుతుంది, కొన్నాళ్లకు అడుగు ఆకారమే మారిపోతుంది. అలాంటి పడవ వేగం అందుకున్నాక ముందు కొస కిందికి నొక్కుకుంటూ పోతుంది, స్టీరింగ్ హాయిగా ఉండదు. పాత ట్రైలర్‌ మీద కొత్త పడవ పెట్టేవాళ్లు ఇది తప్పకుండా కొలుచుకోవాలి.

స్కిడ్లలో కార్పెట్ చుట్టిన చెక్క రకం చవకే గాని, మీ అల్యూమినియం పడవకు, అందులోనూ ఉప్పునీళ్లకు వద్దు. కార్పెట్ ఉప్పునీటిని పీల్చుకుని రోజుల తరబడి తడిగా ఉంటుంది, ఇసుకనూ పట్టుకుంటుంది. చెక్క పుచ్చకుండా రాగి కలిసిన మందు పట్టించి ఉంటే ఇంకా ప్రమాదం, ఆ రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది, అడుగున సన్నటి గుంటలు పడతాయి. ప్లాస్టిక్ పట్టీలే వేయించుకోండి. వాటి స్క్రూ తలలు లోపలికి బాగా దిగి ఉండాలి. పట్టీ అరిగేకొద్దీ తలలు పైకొస్తాయి. ఒక్కటి పైకి లేచినా పడవ ఎక్కిన ప్రతిసారీ రంగు మీద పొడుగ్గా గీత పడుతుంది.

రోలర్లలో నల్ల రబ్బరువి ఎండకు పగుళ్లిస్తాయి, మరకలు అంటిస్తాయి. నైలాన్‌వి మీ పడవకు మరీ గట్టి. పాలీయురిథేన్‌వి ఖరీదెక్కువైనా అవే తీసుకోండి. ఉప్పునీళ్లలో దిగి వచ్చాక పిన్నుల (రోలర్లు తిరిగే ఇరుసుల) దగ్గర మంచినీళ్లతో కడగడం మానొద్దు. పిన్ను తుప్పుపట్టి తిరగని రోలర్ స్కిడ్ కన్నా అధ్వానం.

మీ ర్యాంప్ బాగా వాలుగా ఉండి, మంచినీటి చెరువులో తేలికైన చదును అడుగు పడవ అయితే నేరుగా స్కిడ్లే తీసుకోమనేవాణ్ణి, ఖర్చూ తక్కువ, చూసుకోవాల్సిన పనీ తక్కువ. చదును ర్యాంపే గాని బరువైన ఫైబర్ పడవ అయితే, బరువు పంచుకునేలా పక్కలకు కూడా ఎక్కువ రోలర్లున్న ట్రైలర్ చూసుకోమనేవాణ్ణి.

సెకండ్ హ్యాండ్ ట్రైలర్ చూడ్డానికి వెళ్తే టార్చ్ తీసుకెళ్లి కిందికి దూరండి. పిన్ను చివర్లలో తుప్పు ఎంతుందో, బ్రాకెట్ బోల్టులు తిరుగుతున్నాయో లేదో చూడండి, తిరగకపోతే మీ పడవకు సరిపడా ఎత్తు సర్దుకోలేరు. వీలైతే జాకీతో చక్రం లేపి తిప్పండి, గరగరమని చప్పుడొస్తే బేరింగుల ఖర్చు కూడా ధరలో తగ్గించమని అడగండి.