ఉద్యోగం పోయింది, బీరువాలో ఆరు ఫిల్మ్ కెమెరాలు ఉన్నాయి: ఇప్పుడే అమ్మేయాలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాణ్ని, రెండు నెలల కిందట తీసేశారు. నా భార్య గృహిణి, పాప ఏడో తరగతి. ఇంటి లోను ఈఎంఐ 31 వేలు, ఇంటి ఖర్చు 38 వేలు. బ్యాంకులో ఎఫ్‌డీ 3 లక్షల 20 వేలు, మ్యూచువల్ ఫండ్లలో 4 లక్షల చిల్లర ఉన్నాయి. ఇవి కాక ఆరు ఫిల్మ్ కెమెరాలున్నాయి. వరంగల్‌లో మా నాన్నగారు స్టూడియో నడిపినప్పటి నికాన్ ఎఫ్‌ఎం2, యాషికా మ్యాట్ 124జీ. లాక్‌డౌన్ తర్వాత నేను సరదాపడి కొన్న కాంటాక్స్ టీ2, ఒలింపస్ మ్యూ 2, రెండు పెంటాక్స్ కె1000లు. నెట్‌లో చూస్తే అన్నీ కలిపి 2 లక్షల 30 వేలు పలుకుతున్నాయి. మాంద్యం ముదిరితే ధరలు పడిపోతాయి, ఇప్పుడే అమ్మేయమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. అందరూ చవగ్గా అమ్ముకుంటారు కాబట్టి నువ్వే ఇంకో లక్ష పెట్టి కొనిపెట్టుకోమని ఇంకో ఫ్రెండ్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మొదటి ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. రెండో ఆయన మాట మాత్రం మళ్లీ జీతం పడేదాకా చెవిన పెట్టకండి. సగం నిజం అని ఎందుకన్నానో చెప్పాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి.

2009 మొదట్లో నేనూ ఒక కెమెరా అమ్మాను. నికాన్ ఎఫ్‌ఎం10. అమెరికా బ్యాంకు లేమాన్ బ్రదర్స్ మునిగి కొన్ని నెలలే అయింది, ఎక్కడ చూసినా ఉద్యోగాల టెన్షన్. షాపాయన వెనక తలుపు తెరిచాడు, లెన్సులోంచి టార్చి వేసి ఫంగస్ (బూజు) ఉందేమో చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని షట్టర్ రెండుసార్లు నొక్కాడు. ఏ లోపం దొరకలేదు. అయినా "పద్దెనిమిది వందలు సార్" అన్నాడు. కొన్న ధరలో అయిదో వంతు కూడా కాదు. రోజులు బాగాలేవు కదా అని ఇచ్చేసి వచ్చాను.

ఆ ధరను మాంద్యం ఖాతాలో వేసుకోవడం నా పొరపాటని తర్వాత అర్థమైంది. 2008 ఫిబ్రవరిలోనే, అంటే లేమాన్ కంటే ఏడు నెలల ముందే, పోలరాయిడ్ తన ఇన్‌స్టంట్ ఫిల్మ్ ఆపేస్తున్నట్టు చెప్పింది. 2009 జూన్‌లో కోడాక్ తన కోడాక్రోమ్ రంగుల ఫిల్మ్‌కు మంగళం పాడింది. 2012 జనవరికి కోడాకే దివాలా పిటిషన్ వేసింది. రేపు రీలు దొరుకుతుందో లేదో తెలియనప్పుడు కెమెరా ఎవరు కొంటారు? ఎకానమీ కోలుకున్నాక కూడా పాత కెమెరాల ధరలు చాలా ఏళ్లు లేవలేదు. వాటిని తొక్కింది డిజిటల్. మాంద్యం పక్కన నిలబడి చూసింది, అంతే.

ఇక 2020 చూడండి. ప్రపంచమంతా తలుపులు వేసుకుంది. పాత లెక్క ప్రకారం ఇలాంటి సరదా వస్తువుల ధరలు నేలకు తగలాలి. కానీ అమెరికాలో ఒక్కొక్కరి ఖాతాలో 1,200 డాలర్ల దాకా ప్రభుత్వ సాయం పడింది, వడ్డీ రేట్లు సున్నా దగ్గరికొచ్చాయి, ఇంట్లో కూర్చున్న జనానికి కొత్త వ్యాపకాలు కావాల్సొచ్చాయి. గిటార్లు, సైకిళ్లు, ఫిల్మ్ కెమెరాలు అన్నీ పైకెళ్లాయి. కాంటాక్స్ టీ2 సంగతి ఇంకా విడ్డూరం. 2017లో మోడల్ కెండల్ జెన్నర్ ఒక అమెరికా టీవీ షోకి దాన్ని పట్టుకెళ్లినప్పటి నుంచే అది కెమెరా స్థాయి దాటి నగ స్థాయికి చేరింది. తర్వాత 2022 మార్చి నుంచి అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీలు పెంచుతూ పోయి 2023 జులైకి 5.25–5.50 శాతం చేసింది. చవక డబ్బు ఇంకిపోయింది, ఆ వేడీ తగ్గింది. మీరు కొన్నది సరిగ్గా ఆ వేడిలో. బాధపడకండి, అప్పుడు కొన్నవాళ్లలో నా క్లయింట్లు కూడా ఉన్నారు.

కాబట్టి మాంద్యం వస్తే ధర పడుతుంది అని ఒక్క ముక్కలో తేల్చేయలేం. నేను గమనించినంతలో ముందు తగ్గేవి కొనేవాళ్ల నుంచి వచ్చే ఫోన్లు. మామూలు రోజుల్లో ఎఫ్‌ఎం2 అమ్మకానికి పెడితే సాయంత్రానికి నలుగురు మెసేజ్ చేస్తారు. రోజులు బాగాలేనప్పుడు వారానికి ఒకడు "లాస్ట్ ప్రైస్ ఎంత బ్రో?" అంటాడు, మీరు చెప్పాక మాయమైపోతాడు. నెట్‌లో చూస్తే మాత్రం ధర అలాగే కనిపిస్తుంది. ఎందుకంటే డబ్బు తొందర లేనివాడు ధర తగ్గించడు, కెమెరాను మళ్లీ అటకెక్కించేస్తాడు. తొందర ఉన్నవాడు చడీచప్పుడు లేకుండా షాపుకెళ్లి ఇచ్చిన కాడికి తీసుకుంటాడు. ఆ ధర ఎక్కడా కనపడదు. మీరు 2 లక్షల 30 వేలు అని చూసింది మొదటి రకం వాళ్లు అడుగుతున్న ధర. ఇప్పుడు మీరున్నది రెండో రకంలో.

ఇంకో సంగతి. ఫిల్మ్ కెమెరా స్కూటర్ లాంటిది, పెట్రోలు పోయాలి. రంగుల రీలు ఒకటి కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి ఈ రోజుల్లో పదిహేను వందలకు అటూఇటూ అవుతోంది. 36 ఫ్రేములకు పంచితే ఒక్కో క్లిక్కు నలభై రూపాయలు. జీతం పెరుగుతున్నన్నాళ్లూ ఎవరూ ఈ లెక్క వేయరు. జీతం ఆగగానే మొదట వేసేది ఇదే. కాబట్టి కొత్తగా ఈ సరదాలోకి దిగేవాళ్లు తగ్గుతారు, కె1000 లాంటి నేర్చుకునేవాళ్ల కెమెరాలకు గిరాకీ మందగిస్తుంది.

మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. మంచి సెకండ్ హ్యాండ్ సరుకు ఎక్కువగా జపాన్ నుంచి వస్తుంది, ధర డాలర్లలోనో యెన్‌లలోనో పలుకుతుంది. 2008 మొదట్లో డాలర్ 40 రూపాయల దగ్గర ఉండేది, 2009 మార్చికి 50 దాటింది. అక్కడ వంద డాలర్ల కెమెరా మాంద్యం దెబ్బకు ఎనభైకి దిగిందనుకుందాం. 100 ఇంటూ 40 నాలుగు వేలు, 80 ఇంటూ 50 కూడా నాలుగు వేలే. అక్కడ అయిదో వంతు పడింది, ఇక్కడ పైసా కదల్లేదు. కస్టమ్స్ సుంకం దీనికి అదనం. బయట పడిపోతున్నాయట అని విని ఇక్కడ కంగారుపడి అమ్మేవాళ్లు ఈ లెక్క వేసుకోరు. మీ దగ్గరున్నది ఇప్పటికే దేశంలో ఉన్న సరుకు, రూపాయి పడితే దానికి కొంత దన్ను ఉంటుంది.

సరే, మీ ఆరు కెమెరాలకు వద్దాం. వీటిని ఒకే గాటన కట్టొద్దు.

కాంటాక్స్ టీ2 ముందు వెళ్లిపోవాలి. టైటానియం ఒళ్లు, జైస్ లెన్సు, అంతా బాగానే ఉంటుంది. కానీ లోపలున్నది ఎలక్ట్రానిక్స్. దాన్ని తయారుచేసిన క్యోసెరా 2005లోనే కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకుంది. లోపలి సర్క్యూట్ పోయిన రోజు అది లక్ష రూపాయల పేపర్ వెయిట్. పైగా దాని ధరలో సగం ఫ్యాషన్. చేతుల్లో డబ్బు ఆడనప్పుడు జనం మొదట మానుకునేది ఫ్యాషనే. మ్యూ 2 సంగతీ అంతే, అది ప్లాస్టిక్ కూడా. ఈ రెండూ పనిచేస్తున్నప్పుడే అమ్మేయండి. ఎంతకు కొన్నారో మర్చిపోండి, ఆ అంకెతో కొనేవాడికి పనిలేదు.

ఎఫ్‌ఎం2 వేరే జాతి. 1982లో వచ్చిన ఆ మోడల్‌కి షట్టర్ పూర్తిగా మెకానికల్, బ్యాటరీ తీసేసినా నడుస్తుంది. లోపల వెలుతురు కొలిచే లైట్ మీటర్‌కు మాత్రమే రెండు బటన్ సెల్స్ కావాలి. స్క్రూడ్రైవర్ పట్టుకున్న పాత మెకానిక్ ఉన్నన్నాళ్లూ బతుకుతుంది. ఇలాంటివి ఎగబాకడం తక్కువ, దిగజారడమూ తక్కువ. ఆర్నెల్లు ఆగినా మీకు పెద్దగా పోయేదేమీ లేదు. యాషికా కూడా అలాంటిదే. దాని మీటర్‌కు వేసే పాదరసం సెల్ ఇప్పుడు తయారవడం లేదు కాబట్టి మీటర్ లేదనే అనుకోవాలి, షట్టర్‌కు మాత్రం ఢోకా లేదు. కె1000లు రెండింట్లో ఒకటి అమ్మండి, ఒకటి ఉంచుకున్నా నష్టం లేదు. అవి పెద్ద డబ్బు తెచ్చేవి కావు.

ఇప్పుడు లెక్క. మీ నెల ఖర్చు 69 వేలు. ఎఫ్‌డీ మీకు నాలుగున్నర నెలలు వస్తుంది. షాపువాడు సాధారణంగా తను అమ్మబోయే ధరలో 55–60 శాతం ఇస్తాడు. సర్వీసు చేయాలి, గ్యారంటీ ఇవ్వాలి, నెలల తరబడి అద్దాల అలమరాలో పెట్టుకోవాలి, అతన్ని తప్పుపట్టలేం. ఆరూ ఒకేసారి షాపులో ఇచ్చేస్తే 2 లక్షల 30 వేలలో చేతికొచ్చేది దాదాపు లక్షా 38 వేలు. అంటే నాన్నగారి స్టూడియో సహా అంతా ఊడ్చి అమ్మితే కొనుక్కునేది రెండు నెలలు. మీరు పంపిన పట్టికలో కాంటాక్స్‌కి లక్షా పది వేలు, మ్యూకి 26 వేలు వేసుకున్నారు. ఆ రెండే షాపులో ఇస్తే 80 వేల దాకా వస్తాయి, నెల పైచిలుకు గడుస్తుంది. మిగతావి అమ్మి సంపాదించేది ఇంకో మూడు వారాలు, అంతే. దానికోసం ఈ నెలే ఎఫ్‌ఎం2ని అయినకాడికి వదిలించుకోవాల్సిన అవసరం నాకు కనపడటం లేదు.

కెమెరాల కంటే ముందు చేయాల్సినవి రెండున్నాయి, మీ మెయిల్‌లో వాటి ఊసే లేదు. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది. కాంటాక్స్ డబ్బులో మొదటి ఖర్చు ఇంటిల్లిపాదికీ సొంత పాలసీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు కలిసొస్తుంది. రెండోది బ్యాంకు. ఈఎంఐ 90 రోజులు దాటి బాకీ పడితే లోను ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, క్రెడిట్ స్కోరు పోతుంది. ఒక్క కిస్తీ కూడా తప్పకముందే వెళ్లి, కాలం పెంచి ఈఎంఐ తగ్గించే వీలుందేమో అడగండి. తప్పాక అడిగితే వాళ్ల గొంతు మారుతుంది. ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు ఇంకా నడుస్తుంటే ఈ నెల నుంచే ఆపండి. ఫండ్లను ఎఫ్‌డీ సగం అయ్యేదాకా ముట్టుకోవద్దు.

రెండో ఫ్రెండ్ సలహాకు ఎందుకు అడ్డం తిరిగానో చెప్తాను. వందకు కొన్న కెమెరాకు షాపు ఇచ్చేది అరవై. మీ వంద మీకు తిరిగి రావాలంటే బయట దాని ధర 167 అవ్వాలి. అప్పటికి అసలు వచ్చింది, లాభం సున్నా. ఎఫ్‌డీలా వడ్డీ రాదు, ఇల్లులా అద్దె రాదు. పైగా ఈ మధ్య తయారీదారులే మళ్లీ దిగారు. జర్మనీ కంపెనీ లైకా తన పాత ఎం6 ఫిల్మ్ కెమెరాను 2022లో కొత్తగా తెచ్చింది, పెంటాక్స్ 2024లో 17 అనే కొత్త ఫిల్మ్ కెమెరా తెచ్చింది. ఇక దొరకవు కాబట్టి పెరుగుతూనే ఉంటాయి అనే వాదన మునుపటంత గట్టిగా లేదు. 2022లో జర్మనీలోని వెట్స్‌లార్ వేలంలో లైకా 0 సిరీస్ కెమెరా ఒకటి కోటీ 44 లక్షల యూరోలకు పోయిందని మీ ఫ్రెండ్ అనొచ్చు. ఆ కెమెరా లైకాను కనిపెట్టిన ఆస్కార్ బార్నాక్ సొంతానిది. మీ బీరువాకూ దానికీ సంబంధం లేదు.

అమ్మేటప్పుడు జాగ్రత్తలు. నెట్‌లో ధర చూస్తే, అమ్ముడైనవి మాత్రమే చూపించమని ఫిల్టర్ పెట్టి చూడండి, అడుగుతున్న ధరలతో పని లేదు. వాడుకున్న సొంత వస్తువు కాబట్టి దీని మీద మూలధన లాభాల పన్ను బాధ ఉండదు. కొనడం అమ్మడం అలవాటుగా మారితేనే అది వ్యాపార ఆదాయం అవుతుంది. కొనేవాడు క్యూఆర్ పంపి "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అంటే వెంటనే బ్లాక్ చేయండి, డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. లెన్సులో ఫంగస్ ఉంటే దాచకండి, ఫొటోతో సహా చెప్పండి. తర్వాత గొడవ పడటం కంటే ముందే రెండు వేలు తగ్గించుకోవడం మేలు.

కాంటాక్స్ అమ్మే ముందు అందులో ఒక రీలు పూర్తిగా తీసి కడిగించండి. ఫ్రేములు బాగా వచ్చిన నెగటివ్ పక్కన పెట్టి ఫొటో పెడితే, "పనిచేస్తుందనుకుంటా" అని రాసిన పది కెమెరాల మధ్య మీదానికే ముందు ఫోన్ వస్తుంది. ఆ పదిహేను వందలు ధరలో కలిపేసుకోవచ్చు. యాషికాలో కూడా ఒక 120 సైజు రీలు వేయండి, పన్నెండు ఫ్రేములే. అమ్మాలా వద్దా అన్నది అవి కడిగించి చూశాక మీ ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోండి, దానికి నా సలహా అక్కర్లేదు.