బోర్డు తగిలించినా లోపలికొచ్చారు

ప్రశ్న: పెళ్లికని హన్మకొండ వెళ్లి హోటల్‌లో మూడు రోజులున్నాం. ‘డిస్టర్బ్ చేయవద్దు’ బోర్డు తగిలించినా, రెండో రోజు మధ్యాహ్నం రూమ్‌బాయ్ తన కార్డుతో తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. ఇలా రావచ్చా?
– ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: రాకూడదు. తలుపు తట్టాలి, ఎవరో చెప్పాలి, జవాబు కోసం ఆగాలి, మళ్లీ తట్టాలి. హౌస్‌కీపింగ్‌లో చేరినవాళ్లకు మొదట నేర్పేది ఇదే. అయినా ఎందుకొస్తారంటే, వాళ్లు నమ్మేది బోర్డును కాదు, చేతిలో ఉన్న రూమ్‌ల లిస్టును. ఉదాహరణకు, మీరు బస ఒక రోజు పొడిగించుకుని ఉంటే, ఆ సంగతి రిసెప్షన్‌లో ఎక్కించకపోతే ఆ లిస్టులో మీ గది ‘ఖాళీ’ అనే ఉంటుంది. పొద్దున డ్యూటీవాళ్లకు మీరు చెప్పిన మాట మధ్యాహ్నం వచ్చేవాళ్లకు అందకపోవడం మరో కారణం. పెళ్లిళ్ల సీజన్‌లో, మేడారం జాతరప్పుడు కింద లాబీలో వేరేవాళ్లు గది కోసం కూర్చుని ఉంటారు కాబట్టి తొందర ఇంకా ఎక్కువ.

అందుకే లోపలి గడియ తప్పక వేయండి. చాలా కార్డు తాళాల్లో లోపలి నాబ్ తిప్పితే రూమ్‌బాయ్ దగ్గరుండే మాస్టర్ కార్డు పనిచేయదు. ఎమర్జెన్సీ కార్డుతోనే తెరుచుకుంటుంది, అది సాధారణంగా మేనేజర్ దగ్గర ఉంటుంది. పాత లాడ్జీల్లో మామూలు గొళ్లెమే ఉంటుంది. దిగగానే ఒకసారి వేసి చూడండి, వదులుగా ఉంటే గది మార్చమనండి.

‘రావద్దు’ అని ఊరుకోకుండా ఎప్పుడు రావాలో కూడా చెప్పండి: ‘పన్నెండు నుంచి ఒంటిగంట దాకా బయట ఉంటాం, అప్పుడు ఊడ్వండి.’ తువ్వాళ్లు, నీళ్ల సీసాలు సాయంత్రమే అడిగి తీసుకోండి. టిఫిన్ ప్లేట్లు ఫోన్ చేసి బయట పెట్టేయండి. వాటి కోసం తట్టేదే ఎక్కువ. అయితే బోర్డు తీయకుండా, ఫోన్ ఎత్తకుండా రోజంతా ఉంటే మేనేజర్ వచ్చి తలుపు తీయించడం మీ క్షేమం కోసమే. పొగ, నీటి లీకు ఉన్నప్పుడూ అంతే.

ఇలా మళ్లీ జరిగితే గది నంబరు, టైము రాసి డ్యూటీ మేనేజర్‌కు ఇవ్వండి. ఏ కార్డుతో ఎప్పుడు తెరిచారో చాలా తాళాల్లో నమోదవుతుంది. పాత నమోదులు చెరిగిపోతుంటాయి కాబట్టి అదే రోజు తీయించమనండి. దీనికి గది డబ్బు తిరిగి అడిగితే హోటల్‌వాళ్లు ఇవ్వకుండా తిప్పుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్ల గడువుంటుంది. ఏకాంతంలో ఉన్న మహిళను తొంగి చూసినా, ఫోటో తీసినా అది హోటల్‌తో తేల్చుకునే వ్యవహారం కాదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. వెంటనే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి.

ప్రశ్న: లాడ్జీలో ఆధార్ జిరాక్స్ ఇవ్వక తప్పదా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: గుర్తింపు కార్డు చూపాలి, అది ఆధారే కానక్కర్లేదు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వవచ్చు. ఆధారే ఇస్తే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ జారీ చేసే ఉడాయ్ (UIDAI) వెబ్‌సైట్ నుంచి తీసుకోండి. జిరాక్స్ మీద తేదీ వేసి ‘గది కోసం మాత్రమే’ అని అడ్డంగా రాసి ఇవ్వండి.