మా ఆవిడ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి నేనెలా సాయం చెయ్యాలి?

ప్రశ్న: మేడం గారూ నమస్తే. మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇద్దరికీ గ్రీన్ కార్డులు ఒకేసారి వచ్చాయి, నేను పోయినేడాది సిటిజన్ అయ్యాను. మా ఆవిడ వాళ్ళ నాన్నగారికి ఒంట్లో బాలేక ఐదు నెలలు గుంటూరులో ఉండిపోవాల్సొచ్చింది, అందుకని తన అప్లికేషన్ ఈ జనవరిలో వేశాం, ఇప్పుడు ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది. తను తెలుగు మీడియంలో చదువుకుంది, ఇక్కడ ఇండియన్ గ్రోసరీలో క్యాష్ కౌంటర్ చూస్తుంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక కూర్చోబెట్టి 128 ప్రశ్నలూ వరసగా అడుగుతున్నాను, ఓ పది అయ్యేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. మొన్న మాటా మాటా పెరిగి "నాకీ సిటిజన్‌షిప్పే వద్దు" అనేసింది. పసుపు కుంకుమ కింద పెళ్ళప్పుడు రాసిచ్చిన ఎకరం పొలం పోతుందేమో అని కూడా దిగులు. ఒక స్పీడింగ్ టికెట్ ఉంది. ఇంటర్వ్యూలో నేను పక్కన కూర్చోవచ్చా? ఎలా ప్రిపేర్ చెయ్యాలి?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: కూర్చోవడానికి వీల్లేదండీ. ఆఫీసర్ వచ్చి పేరు పిలిస్తే ఆవిడొక్కరే లోపలికి వెళ్ళాలి, లాయర్‌ని పెట్టుకుంటే ఆ లాయర్ వెళ్ళొచ్చు, మీరు మాత్రం వెయిటింగ్ హాల్లోనే. అందుకే ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు కూడా ఆవిడ ఆలోచించుకునేలోపే మీరు జవాబు అందించడం ఉంటే అది ఇవాళే మానెయ్యండి, ఆ రెండు క్షణాల మౌనాన్ని ఆవిడకి వదిలెయ్యండి.

2025 అక్టోబర్ 20 నుంచి ఎన్-400 (సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఫారం) వేసినవాళ్ళకి సివిక్స్, అంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద అడిగే ప్రశ్నలకి, కొత్త టెస్ట్, కాబట్టి మీ ఆవిడకి 128 ప్రశ్నల లిస్టే. మీరు ఎప్పుడో చదివిన 100 ప్రశ్నల పుస్తకం ఇంట్లో ఉంటే పక్కన పడెయ్యండి. ఆఫీసర్ 20 దాకా అడగొచ్చు, 12 రైట్ అయితే అక్కడితో ఆపేస్తారు, 9 తప్పయితే ఫెయిల్. ఇంగ్లీష్ చదవడం, రాయడం టెస్టులు చిన్నవే, ఒక్కోదానికి మూడు వాక్యాల్లో ఒక్కటి సరిగ్గా చేస్తే చాలు. ఒకవేళ ఏదో ఒకటి పోయినా 60 నుంచి 90 రోజుల్లోపు మళ్ళీ పిలుస్తారు, పోయిన భాగం వరకే పెడతారు. ఈ సంగతి ఆవిడకి ముందే చెప్పండి, ఒక్క ఛాన్సే అనుకుని భయపడేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయం. అందరూ ఆ 128 ప్రశ్నల మీద పడతారు గానీ ఇంటర్వ్యూలో ఎక్కువసేపు నడిచేది ఎన్-400 ఫారం మీద మాటలే, ఇంగ్లీష్ మాట్లాడగలరా లేదా అని చూసేది కూడా అక్కడే. చెయ్యెత్తి నిజమే చెప్తానని ప్రమాణం చేయించాక అడ్రస్, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ప్రయాణాలు, ఇంతకుముందు వాడిన పేర్లు అన్నీ అడుగుతారు. మనవాళ్ళకి పెళ్ళయ్యాక ఇంటిపేరు మారడం, సర్టిఫికెట్లలో ఒకటి పాస్‌పోర్టులో ఇంకోటి ఉండడం మామూలే కదా, అదంతా ఫారంలో రాసినట్టే ఆవిడ నోటితో చెప్పగలగాలి. ఫారం మీరు నింపి ఆవిడ సంతకం పెట్టి ఉంటే (చాలా ఇళ్ళలో జరిగేది ఇదే) ఈ వారం వేరే పనేం పెట్టుకోకుండా ఆ కాపీ ముందేసుకుని ప్రతి లైనూ ముందు తెలుగులో మాట్లాడుకోండి.

మరీ ముఖ్యంగా "హావ్ యు ఎవర్" అని మొదలయ్యే ప్రశ్నలు. నో, నో, నో అని అలవాటైపోయి చివర్లో "ఆర్ యు విల్లింగ్ టు టేక్ ది ఓత్" అన్నప్పుడు కూడా నో అనేస్తారు కొందరు. ఇంకోటి, నో అన్నాక ఆఫీసర్ ఆగి "టోటాలిటేరియన్ పార్టీ అంటే ఏంటి?" అని అడగొచ్చు. అధికారమంతా ఒకే పార్టీ చేతిలో, ఎదురు మాట్లాడితే జైలు, అని తెలుగులో అర్థమైతే "వన్ పార్టీ కంట్రోల్స్ ఎవ్రీథింగ్" అని ఆవిడే చెప్పేస్తారు, డిక్షనరీ వాక్యం బట్టీ పట్టక్కర్లేదు. మొదట్లో ప్రమాణం చేయించేటప్పుడు "ఓత్ అంటే?" అంటే "ప్రామిస్ టు టెల్ ది ట్రూత్", చివర్లో అడిగే ఓత్ అయితే "ప్రామిస్ టు బి లాయల్ టు ది యునైటెడ్ స్టేట్స్", అంతే. అర్థం కాకపోతే "ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్" అనొచ్చు, అదేం తప్పు కాదు, ఆ మాట మాత్రం నోటికి బాగా అలవాటు చెయ్యండి. యాక్సెంట్ దిద్దకండి. రోజంతా కౌంటర్లో ఎవరెవరితోనో ఇంగ్లీషులో మాట్లాడి, బిల్లు తేడా వస్తే సర్దిచెప్పి పంపే మనిషికి భాష రాక కాదు ఏడుపు, రోజంతా నిలబడొచ్చాక రాత్రిపూట ఇంట్లో పరీక్ష పెడుతున్నారని. ఆఫీసర్ పాత్ర మీకొద్దు, ఆవిడకి పెద్దగా పరిచయం లేని స్నేహితుల భార్యనో, ఆఫీస్ కొలీగ్‌నో అడగండి, కొత్త గొంతు విని జవాబు చెప్పడం అలవాటవుతుంది. చాలా లైబ్రరీల్లో సిటిజన్‌షిప్ క్లాసులు ఫ్రీగా చెప్తారు, మీ టౌన్ లైబ్రరీలో కనుక్కోండి.

ఇక సివిక్స్. మన స్కూల్లో చదివిన పౌరశాస్త్రంతో పోల్చి చెప్పండి, ఎంత తేలికో చూస్తారు. సెనేటర్ పదవి ఆరేళ్ళు, రాజ్యసభ సభ్యుడికీ ఆరేళ్ళే, అక్కడా ఇక్కడా రెండేళ్ళకోసారి మూడోవంతు మారతారు. తేడా ఏంటంటే రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కి 11, తెలంగాణకి 7 సీట్లు, ఇక్కడ కాలిఫోర్నియా అయినా వ్యోమింగ్ అయినా ఇద్దరే, అందుకే యాభై రాష్ట్రాలకి 100 మంది. లోక్‌సభకి ఐదేళ్ళు, ఇక్కడ హౌస్‌కి (ప్రతినిధుల సభ) రెండేళ్ళు, 435 మంది. మార్టిన్ లూథర్ కింగ్ గాంధీగారి దారి తెలుసుకోవాలని 1959లో మన దేశం వచ్చారని చెప్తే, ఆయన పౌరహక్కుల కోసం పోరాడారన్న జవాబు ఇక మర్చిపోరు. ఇంకోటి, టెస్టులో లేకపోయినా చెప్పండి: మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ ఆయనకి తెల్లవాడు కాదన్న కారణంతో పౌరసత్వం చెల్లదని ఇక్కడి సుప్రీంకోర్టు 1923లో తీర్పిచ్చింది, మనవాళ్ళకి ఆ తలుపు తెరుచుకుంది 1946లో ల్యూస్-సెల్లర్ చట్టం వచ్చాకే. మీ ఆవిడ వెళ్ళి కూర్చోబోయే కుర్చీ ఎంతమంది పోరాడితే వచ్చిందో తెలిస్తే ఆ చరిత్ర పాఠాలు పరాయివిగా అనిపించవు. గవర్నర్, సెనేటర్లు, స్పీకర్ లాంటి పేర్లు మాత్రం ఇంటర్వ్యూ ముందురోజు ఒకసారి సరిచూసుకోండి, మారుతుంటాయి.

గుంటూరు ప్రయాణం ఆర్నెల్లు దాటలేదు కాబట్టి దానివల్ల కంటిన్యుటీ (ఇక్కడ తెగకుండా నివాసం ఉన్నట్టు లెక్క) తెగినట్టు కాదు, కానీ ఐదేళ్ళలో మొత్తం కలిపి 30 నెలలు ఇక్కడ ఉండాలి, అది లెక్కేసుకోండి. తేదీలు పాస్‌పోర్టు స్టాంపులతో కలవాలి, అప్లికేషన్ వేశాక మళ్ళీ ఎక్కడికైనా వెళ్ళొస్తే అదీ చెప్పాలి. స్పీడింగ్ టికెట్ దాచకండి, ఫారంలో రాయకపోతే ఇంటర్వ్యూలో చెప్పమనండి, ఫైన్ కట్టిన కాగితం ఫైల్లో పెట్టండి. టికెట్ వల్ల వచ్చే ఇబ్బంది కన్నా దాచిపెట్టడం వల్ల వచ్చేది చాలా పెద్దది.

"నాకీ సిటిజన్‌షిప్పే వద్దు" అన్నమాటని మాత్రం కోపంలో అన్నదని తీసిపారెయ్యకండి, నాకైతే మీ ఉత్తరం మొత్తంలో అదే పెద్ద విషయం అనిపించింది. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, ఇక్కడ ఓత్ తీసుకున్న రోజే అక్కడిది పోతుంది, ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చెయ్యాలి. నాన్నగారు మంచంలో ఉన్నప్పుడు వెళ్ళొచ్చిన కూతురికి అది చిన్న విషయమా చెప్పండి. ఒకరోజు పుస్తకాలు తియ్యకుండా కూర్చుని ఇది నీకు నిజంగా కావాలా అని అడగండి, ఇంకా టైం కావాలంటే గ్రీన్ కార్డు మీద ఉండిపోయినా నష్టమేం లేదు, ఎప్పుడైనా మళ్ళీ వేసుకోవచ్చు. పొలం సంగతి ధైర్యం చెప్పండి: అక్కడున్నప్పుడు తన పేరు మీదకొచ్చిన పొలం తనదే, సిటిజన్ అయినంత మాత్రాన పోదు, రేపు నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చినా తీసుకోవచ్చు. ఓసీఐ కార్డు (వేరే దేశం పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చే, జీవితకాలం వీసాలా పనిచేసే కార్డు) మీద కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి మాత్రం కుదరదు.

అన్నీ బాగా జరిగి ఓత్ దాకా వస్తే గ్రీన్ కార్డు అక్కడే తీసేసుకుంటారు, చేతికి నేచురలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో యూఎస్ పాస్‌పోర్టు, తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్, ఆ తర్వాత ఓసీఐ, ఇదీ వరస. పాత ఇండియన్ పాస్‌పోర్టు మీద ఇక ప్రయాణం చెయ్యకూడదు. వాళ్ళ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉందో నాకు తెలీదు గానీ ఆవిడ ఎప్పుడంటే అప్పుడు గుంటూరు వెళ్ళాల్సి రావచ్చు, అందుకే ఓత్ అవగానే పాస్‌పోర్టుకి ఎక్స్‌పెడైట్ ఫీజు కట్టి అప్లై చెయ్యండి, ఓసీఐ వచ్చేలోపు వెళ్ళాల్సొస్తే ఆ కొత్త పాస్‌పోర్టు మీద ఈ-వీసా తీసుకోవచ్చు.