1,400 డాలర్లు కట్టే ముందు కారు కింద అట్టముక్క పరిచి చూడు

తమ్ముడూ, నీ సందేహం రెండుసార్లు చదివాను. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్, 1,62,000 మైళ్లు తిరిగిన సెడాన్, పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ, పార్కింగ్‌లో ఆయిల్ మరక. మెకానిక్ చూసి రియర్ మెయిన్ సీల్ (ఇంజన్ వెనక నుంచి ఆయిల్ కారకుండా ఆపే రింగు) పోయింది, 1,400 డాలర్లవుతుంది అన్నాడు. కట్టాలా వద్దా అని అడిగావు. ఇప్పుడే కట్టకు. ఎందుకో చెప్పాలంటే 2009కి వెళ్లాలి, కాస్త ఓపిక పట్టు.

ఆ ఏడాది డిసెంబరులో నేనూ నీలాగే ఆర్లింగ్టన్‌లో కారు కొన్నాను. 1,48,000 మైళ్లు, 3,200 డాలర్లు. అమ్మినాయన మన తెలుగాయనే, ఊరు అడిగితే మా పక్క మండలం. ఇంకేం కావాలి? నేను వెళ్లేసరికి ఇంజన్ నడుస్తోంది. "చలిగా ఉంది కదా బాబూ, మీకోసం హీటర్ వేసి ఉంచాను" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. ఇంజన్ వేడెక్కాక పొద్దుటి పొగ కనపడదని తెలియడానికి నాకు మర్నాటి దాకా పట్టింది. పాత కారు చూడ్డానికి వెళ్తే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్. నీకు ఈ సలహా ఆలస్యమైంది, నీ రూమ్మేట్లకన్నా చెప్పు.

రూమ్మేట్లు కొబ్బరికాయ కొట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. మర్నాడు పొద్దున చూస్తే చితికిన నిమ్మకాయ పక్కనే రూపాయి బిళ్లంత నల్లటి చుక్క. వారానికల్లా అది దోసెంత అయింది. అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి మరక తుడవమని కాగితం వచ్చింది. (పిల్లుల కోసం అమ్మే ఇసుక తెచ్చి చల్లు, రాత్రంతా ఉంచి ఊడ్చెయ్, ఆయిల్ చాలావరకు పీల్చేస్తుంది.)

ఒక షాపుకి తీసుకెళ్తే కిందనుంచి టార్చ్ వేసి, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య తడి చూపించి, నీకు చెప్పిన మాటే చెప్పాడు. ఆ సీల్ పెద్ద ఖరీదు కాదు. దాన్ని చేరాలంటే గేర్‌బాక్స్ దించాలి, డబ్బంతా ఆ కూలికే. 1,100 డాలర్లు. అప్పుడు డాలరు దాదాపు 46 రూపాయలు, అంటే యాభై వేల ఆరు వందలు. మా నాన్నకి ఫోన్ చేసి నోరు తెరవలేకపోయాను. కట్టాను. నెల తిరిగేసరికి అదే చోట అదే చుక్క.

ఈసారి ఒక మెక్సికన్ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన సీల్ మాటే ఎత్తలేదు. ఇంజన్ వెనకభాగం డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగి, ఆయిల్లో రంగు ద్రవం కలిపి, రెండ్రోజులు తిప్పుకుని రమ్మన్నాడు. వచ్చాక యూవీ లైటు వేసి చూపించాడు. పైన వాల్వ్ కవర్ (ఇంజన్ పైమూత) వెనక మూల నుంచి ఆకుపచ్చగా మెరుస్తూ ఒక సన్నటి గీత, ఇంజన్ వీపు మీదుగా జారి, సరిగ్గా గేర్‌బాక్స్ అతుకు దగ్గర బొట్టు కట్టి ఉంది. ఆయిల్ కూడా నీళ్లలాగే పల్లానికి పోతుంది కదా! కింద తడి ఉన్నంత మాత్రాన కారేది అక్కడ కాదు. ఆ మూత కింద అతుకులో ఉండే గాస్కెట్ 28 డాలర్లు, కూలితో కలిపి 120. ముందే ఈయన దగ్గరికి వెళ్లుంటే యాభై వేలు మిగిలేవి. ఆ లెక్క ఇప్పటికీ రాత్రిళ్లు గుర్తొస్తుంది.

అందుకే, ముందు ఇంజన్ కడిగించు. రాత్రి కారు కింద పెద్ద అట్టముక్క పరిచి, ముందు టైర్లు ఎక్కడున్నాయో దాని మీద గీసుకో. పొద్దున చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగో చూడు. గోధుమరంగో నలుపో అయితే ఇంజన్ ఆయిల్, ఎరుపు అయితే సాధారణంగా గేర్‌బాక్స్‌ది లేదా స్టీరింగ్‌ది, ఆకుపచ్చగానో గులాబీగానో పల్చగా ఉంటే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం. బానెట్ కింద మాడు వాసన, పొగ వస్తే పైనుంచి కారిన ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడుతున్నట్టు. దాన్ని మాత్రం నాన్చకు.

ఇక సైలెన్సర్ పొగ. నీలం అంటే ఆయిల్ కాలుతోందని. కానీ ఎప్పుడు వస్తోందన్నది అసలు ప్రశ్న. రాత్రంతా ఆగిన కారు స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి నిమిషంలో పోతే వాల్వ్ సీల్స్ గట్టిపడి ఉంటాయి. రాత్రి పైనుంచి చుక్క చుక్కగా దిగిన ఆయిల్ పొద్దున కాలుతుందన్నమాట. హైవే ఎక్కి యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులను అనుమానించాలి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించు. తక్కువ వచ్చిన సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు, అప్పుడు పెరిగితే రింగులే. వీటికంటే ముందు పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపలి ఆవిర్లని బయటికి వదిలే చిన్న కవాటం) మార్చు. చాలా కార్లకి ఇరవై డాలర్ల లోపే. అది మూసుకుపోతే ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగి, పొగా వస్తుంది, సీల్స్ దగ్గర ఆయిలూ కారుతుంది. నీ రెండు జబ్బులకీ అదే మూలం కావచ్చు.

తెల్లపొగ చలికాలం పొద్దున పల్చగా వచ్చి పోతే ఆవిరి, భయం లేదు. దట్టంగా, తియ్యటి వాసనతో ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ తలకీ మొండేనికీ మధ్య ఉండేది) పోయినట్టు, కారు పక్కన ఆపేయ్. నల్లపొగ పెట్రోలు ఎక్కువ కాలడం, నీకు సంబంధం లేదు.

నా రెండో తప్పు దీనికంటే సిగ్గుచేటు. 1,100 పోయిన బాధలో ఆయిల్ మీద కూడా పిసినారితనం మొదలుపెట్టాను. ఎర్రలైటు వెలిగినప్పుడు పోద్దాంలే అనుకున్నాను. ఆ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పదు తమ్ముడూ, ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. అది వెలిగేసరికి ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ పొడిగా ఉంది, ఇంజన్ టకటకలాడుతోంది. నా అదృష్టం, బతికింది. నువ్వు రెండుసార్లు పెట్రోలు పోయించినప్పుడల్లా ఒకసారి, కారు సమంగా ఉన్నచోట ఆపి, ఐదు నిమిషాలాగి, డిప్‌స్టిక్ తుడిచి చూడు. తేదీ, మైళ్లు ఫోన్లో రాసుకో.

ఆ అంకెలే నీ డబ్బు కాపాడతాయి. 1,500 మైళ్లకి ఒక క్వార్ట్ (లీటరుకి కాస్త తక్కువ) ఆయిల్ తాగుతోందనుకో. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే ఎనిమిది క్వార్టులు, ఏడు డాలర్ల చొప్పున 56. అంత తక్కువ ఖర్చుతో పోయేదానికి ఇంజన్ తల విప్పించి వెయ్యి డాలర్లు పొయ్యడం నా లెక్కకి అందదు. అదే 500 మైళ్లకే తాగేస్తుంటే పోస్తూ కూర్చోలేవు. పైగా కాలిన ఆయిల్, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది, అది ఇంకో పెద్ద బిల్లు.

టెక్సస్‌లో 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేసినా, మీ టారంట్ కౌంటీలో ఎమిషన్స్ టెస్ట్ (పొగ పరీక్ష) ఉంది. వివరాలు స్టేట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో.

శనివారం నాకు ఖాళీయే. ముందురోజు రాత్రి నుంచి కారు కదిలించకు, ఏడింటికి వస్తాను. యూవీ లైటు నా దగ్గర ఉంది, అప్పుడే కొనేశాను, 15 డాలర్లు. అట్టముక్క మాత్రం పడెయ్యకు.