జర్మన్ క్లాసులో టీచర్‌తో మాట్లాడటం టైమ్ వేస్టా?

రోజూ యాప్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాను, గ్రామర్ పుస్తకం ఉంది, మరి క్లాసులో టీచర్ ప్రశ్నలకు జవాబులు చెబుతూ కూర్చోవడం దేనికని అడిగారు. మొదటి మెట్టు ఏ1 నుంచి మధ్య స్థాయి బి1 దాకా ఇద్దరు టీచర్ల దగ్గర నేర్చుకున్నాను కాబట్టి చెబుతున్నా, వేస్ట్ కాదు. కాకపోతే అది నిజంగా సంభాషణ అయి ఉండాలి.

మొదటి క్లాసు హైదరాబాద్‌లో, నలభై మందిమి. టీచర్ పుస్తకం ఎత్తి "వాస్ ఇస్ట్ దాస్?" అంటే అందరం కలిసి "దాస్ ఇస్ట్ ఐన్ బూహ్" అనేవాళ్లం. అది పుస్తకమని ఆవిడకూ తెలుసు, మాకూ తెలుసు, ఇక మాట్లాడటానికి ఏముంటుంది? నోట్సు నిండింది గానీ నోరు పెగల్లేదు.

తర్వాత ఆన్‌లైన్‌లో ఎనిమిది మంది బ్యాచ్‌లో చేరాను. టీచర్‌ది కోల్‌కతా. నిన్న ఏం వండారని ఒకరోజు అడిగితే గోంగూర పప్పు అన్నాను. గోంగూర అంటే ఏంటో ఆవిడకు నిజంగానే తెలియదు, అందుకే వదల్లేదు. ఆకా, కాయా, తియ్యగా ఉంటుందా? పులుపుకి జర్మన్ మాట నాకు రాదు, తడుముకుని తడుముకుని "వీ త్సిట్రోనె", అంటే నిమ్మకాయలాగా అన్నాను. "ఆహ్, జావర్!" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు, దాని కోసం అంత వెతుక్కున్నాను మరి.

ఇంకోటి, తప్పు దిద్దే పద్ధతి. ఇంటికి వెళ్లాను అనడానికి నేను "ఇహ్ హాబె నాహ్ హౌజె గెగాంగెన్" అనేవాణ్ణి. అక్కడ హాబె కాదు, బిన్ రావాలి. మొదటి టీచర్ "డూ బిస్ట్ నాహ్ హౌజె గెగాంగెన్, గుట్" అనేసి పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయేవారు. దిద్దారు, కానీ నాకు దిద్దినట్టు వినపడలేదు. నేను 'ఇహ్' (నేను) అన్నాను, ఆవిడ 'డూ' (నువ్వు) అన్నారు, కర్త మారింది కాబట్టి క్రియ మారిందనుకున్నాను, పైగా 'గుట్' (బాగుంది) అన్నారు కదా! కోల్‌కతా టీచరైతే "ఇహ్...?" అని ఆగి, నా నోటి నుంచి 'బిన్' వచ్చేదాకా చూసేవారు. కెనడాలో ఫ్రెంచ్ క్లాసుల్ని గమనించిన పరిశోధకులు లిస్టర్, రాంటా 1997లో రాసింది కూడా ఇదే: టీచర్లు ఎక్కువగా తామే సరిగ్గా మార్చి చెప్పేస్తారు, పిల్లలు అతి తక్కువగా పట్టించుకునేది ఆ దిద్దుబాటునే.

ఆ ఆగడం చాలా పెద్ద సంగతి. 1970ల్లో మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు అమెరికా సైన్సు క్లాసుల్లో చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారు, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి. వచ్చిన భాషలోనే అంత టైమ్ కావాలంటే, పరాయి భాషలో క్రియను వాక్యం చివరికి తోసి చెప్పాల్సినవాళ్లకు ఎంత కావాలి?

ఏ నామవాచకానికి ముందు డెర్, డీ, దాస్‌లలో ఏది వస్తుందో మాత్రం ఇంట్లో కూర్చుని బట్టీ పట్టాల్సిందే, దానికి యాప్ చాలు. కానీ గోయెథె సంస్థ పెట్టే బి1 జర్మన్ పరీక్షలో, స్పీకింగ్ భాగంలో మామూలుగా ఇద్దర్ని కూర్చోబెట్టి ఏదో ఒకటి కలిసి ప్లాన్ చేయమంటారు, ఎదుటివాళ్లు ఏమంటారో ముందు తెలియదు.

కాబట్టి మీ టీచర్‌ను అడగండి, తప్పు వస్తే వెంటనే చెప్పేయకుండా కాస్త ఆగమని. మాట దొరక్కపోతే ఇంగ్లీషులోకి దూకకుండా "వీ జాగ్ట్ మన్ దాస్ ఔఫ్ డాయిచ్?" అనండి, జర్మన్‌లో దీన్ని ఎలా అంటారని. నేను క్లాసులో అన్నిటికంటే ఎక్కువసార్లు వాడిన వాక్యం అదే.