ట్రిపుల్ ఈ వదిలేసి, పొలం అమ్మి ఏఐ సీటు కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఎప్‌సెట్ ర్యాంకుతో జగిత్యాల జేఎన్టీయూ కాలేజీలో ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చేలా ఉంది. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్‌లో ఏఐ బ్రాంచి, అంటే సీఎస్ఈ (ఏఐ అండ్ ఎంఎల్) ఇస్తామంటున్నారు. ఫీజు కాక విడిగా డొనేషన్ అడుగుతున్నారు. ఎకరం అమ్మితే సరిపోతుంది. ఆడపిల్లకు కరెంటు పనేమిటని చుట్టాలు అంటున్నారు. మా తోడల్లుడి కొడుకు సీఎస్ఈ చేసి అమెరికాలో ఉన్నాడు. రెండింటినీ పోల్చి, ఏది మేలో చెప్పండి.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో తోడల్లుడి కొడుకు ఉన్నాడు, చుట్టాలున్నారు, ఎకరం పొలం ఉంది. అమ్మాయి ఏమంటోందో మాత్రం లేదు. ఇంటర్లో ఆమెకు ఏ సబ్జెక్టు ఇష్టమో కూడా ఒక్క ముక్క రాయలేదు.

కౌన్సెలింగ్ దగ్గరపడితే ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. కాలేజీలు మారతాయి గానీ భయం అదే. అందరి పిల్లలూ ముందుకెళ్లిపోతారు, మన పిల్ల వెనకబడుతుంది, రేపు ఆ తప్పు మన మీద పడుతుంది. ముందు ఆ భయం సంగతి చెబుతాను. జగిత్యాల సీటు తీసుకున్నంత మాత్రాన మీ అమ్మాయి దారి ఎక్కడా మూసుకుపోదు. అది జేఎన్టీయూ 2007లో పెట్టిన సొంత కాలేజీ. తన ర్యాంకుతో తెచ్చుకుంటున్న సీటు. పెద్ద ఐటీ కంపెనీలు చాలావరకు ఫ్రెషర్లను అన్ని బ్రాంచీల నుంచీ తీసుకుంటాయి. వాళ్లు చూసేది మార్కులు, బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) ఉన్నాయా లేదా, రాసే కోడ్, మాట్లాడే తీరు. ట్రిపుల్ ఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవాళ్లు మీ ఊళ్లోనే దొరుకుతారు, అడిగి చూడండి.

ఇక ఏఐ బ్రాంచి. దాని మీద నాకున్న అనుమానాలు దాచుకోను. దేశంలో తొలిసారిగా 2019లో మన ఐఐటీ హైదరాబాద్ ఏఐలో బీటెక్ మొదలుపెట్టినప్పుడు పెట్టుకున్న సీట్లు 20. చెప్పగలిగే అధ్యాపకులను చూసుకుని పెట్టుకున్న లెక్క అది. మన దగ్గర ఆ పేరుతో సెక్షన్ల మీద సెక్షన్లు తెరుస్తున్నారు. 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు, సాంకేతిక విద్యను చూసుకునే ఏఐసీటీఈ సీట్ల పరిమితి ఎత్తేశాక ఇది ఇంకా పెరిగింది. అన్ని సెక్షన్లకూ మెషిన్ లెర్నింగ్ నిజంగా తెలిసినవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? మొన్నటిదాకా సీ ప్రోగ్రామింగ్ చెప్పిన సారే ఈ ఏడాది డీప్ లెర్నింగ్ స్లైడ్లు చదివి వినిపిస్తున్న కాలేజీలున్నాయి. మొదటి రెండేళ్ల సిలబస్ ఎలాగూ మామూలు సీఎస్ఈకి దాదాపు ఒకటే: డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్. ఏఐకి అసలు పునాది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. వాటిని గట్టెక్కితే చాలనుకుని చదివిన పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కుంటున్నారు. ఇంటర్వ్యూలో ఆ ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్న వేయగానే నోరు పెగలదు. ఆ పిల్లలను చూస్తే నాకు కోపం రాదు, బాధేస్తుంది.

ఇంకొక సంగతి. చదువు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇవ్వరు, బ్రాంచిని బట్టి ఇస్తారు. కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటికొస్తే గానీ ఆ బ్రాంచి దరఖాస్తే చేయలేదు. మీకు సీటు ఇస్తామంటున్నవాళ్లను ఏఐ బ్రాంచికి గుర్తింపు ఉందా అని అడగండి. ‘మా కాలేజీకి ఉందండీ’ అంటే అది జవాబు కాదు.

డొనేషన్ గురించి గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. సీటు కోసం ఇలా విడిగా తీసుకునే డబ్బును, అంటే క్యాపిటేషన్ ఫీజును, 1983 నాటి చట్టమే నిషేధించింది. మీరు పొలం అమ్మి తెచ్చేది రసీదు లేని డబ్బు. రేపు అమ్మాయి అక్కడ ఇమడలేక వచ్చేస్తానంటే ఒక్క రూపాయి వెనక్కి రాదు. ‘నీకోసం ఎకరం అమ్మాం’ అన్న మాట నాలుగేళ్లూ ఆ పిల్ల చెవిలో మోగుతుంది. ఒక్క సబ్జెక్టు తప్పినా ఇంట్లో చెప్పుకోలేని స్థితి తెచ్చిపెడతారు. అడగని అప్పు పిల్ల నెత్తిన పెట్టడం ప్రేమ అనిపించుకోదు.

‘ఆడపిల్లకు కరెంటు పనా?’ అన్న చుట్టాలు ఒకసారి ఎలక్ట్రికల్ మెషిన్స్ ల్యాబు చూడాలి. డీసీ మోటారును నేరుగా సప్లైకి కలిపితే మొదట్లో కరెంటు విపరీతంగా లాగేస్తుంది. అందుకే స్టార్టర్ పిడిని మెల్లగా జరుపుతూ నడిపిస్తారు. తర్వాత ఫీల్డ్ రెసిస్టెన్స్ పెంచుతూ వేగం ఎలా పెరుగుతోందో టాకోమీటరుతో కొలిచి గ్రాఫు గీస్తారు. ఇందులో ఆడపిల్ల చేయలేనిది ఏముంది? స్తంభమెక్కడం ఇంజినీరు పని కాదు. ఆ పనికైనా సరే, తెలంగాణలో హైకోర్టుకు వెళ్లి మరీ అవకాశం తెచ్చుకుని, స్తంభమెక్కే పరీక్ష నెగ్గిన అమ్మాయిలున్నారు.

మీ పాత జిల్లాలోనే రామగుండం ఉంది. ఎన్టీపీసీ అక్కడ 2,600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు పక్కనే రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలగట్టింది. ఆ రెండు రకాల కరెంటునూ గ్రిడ్‌కు సరిగ్గా అందించే పనికి ఎలక్ట్రికల్ ఇంజినీర్లు కావాలి. ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి ప్రభుత్వ సంస్థలు గేట్ అనే జాతీయ పరీక్ష స్కోరుతో తీసుకుంటాయి. అలాగని ట్రిపుల్ ఈలో అంతా పూలబాటేనని చెప్పను. ఎలక్ట్రికల్ పనే చేసే కోర్ కంపెనీలు క్యాంపస్‌కు తక్కువగా వస్తాయి. జెన్‌కో, ట్రాన్స్‌కో నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో చెప్పలేం. గణితం అంటే దడుచుకునే పిల్లకు మెషిన్స్, పవర్ సిస్టమ్స్ చుక్కలు చూపిస్తాయి.

అమ్మాయికి నిజంగా ఏఐ మీదే మనసుంటే దానికీ దారుంది. బీటెక్‌కు కావాల్సిన క్రెడిట్లకు తోడు మరో 18 క్రెడిట్లు చదివి, వేరే బ్రాంచిలో మైనర్ డిగ్రీ తీసుకోవచ్చు. జగిత్యాలలో ఏ మైనర్లు నడుస్తున్నాయో ఫోన్ చేసి కనుక్కోండి. సీఎస్ఈయే కావాలంటే వెబ్ ఆప్షన్లలో ముందు అదే పెట్టించండి, తర్వాత ట్రిపుల్ ఈ. అదే కాలేజీలో సీట్లు మిగిలితే ఇంటర్నల్ స్లైడింగ్‌లో మారే అవకాశం కూడా ఉంటుంది.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసేముందు ఒక పూట చుట్టాల ఫోన్లు ఎత్తకుండా అమ్మాయితో కూర్చోండి. వీలైతే ఆమెను వెంటబెట్టుకుని రెండు కాలేజీలకూ వెళ్లి, మూడో ఏడాది పిల్లలతో మాట్లాడనివ్వండి. పొలం సంగతి నాలుగేళ్ల తర్వాత, ఆమె పైచదువుకు డబ్బు కావాలని అడిగినప్పుడు చూసుకోవచ్చు.