టెక్ సందేహాలు: పాత కమోడోర్ ఫైల్ లోపల ఏముంది?

ప్రశ్న: పాత ఫ్లాపీల నుంచి కాపీ చేసుకున్న కమోడోర్ 64 (1980ల నాటి హోమ్ కంప్యూటర్) పీఆర్‌జీ (ప్రోగ్రామ్) ఫైళ్లు నా దగ్గరున్నాయి. ఎమ్యులేటర్‌లో (ఆ పాత కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రాములో) నడపకుండా లోపల ఏముందో చూడొచ్చా? ఫైల్‌లో చదవగలిగే అక్షరాలను వెతికి చూపే స్ట్రింగ్స్ కమాండ్ ఇస్తే చెత్త తప్ప ఏమీ రావట్లేదు.

జవాబు: చూడొచ్చు. స్ట్రింగ్స్‌ని కాసేపు పక్కనపెట్టి, బైట్లను హెక్స్ (16 ఆధారంగా ఉన్న) అంకెల్లో చూపే ఎక్స్‌ఎక్స్‌డీతో మొదటి రెండు వరుసలు చూడండి. పీఆర్‌జీకి హెడర్ అంటే రెండే రెండు బైట్లు. మిగతాదంతా మెమరీలో ఎక్కడ లోడ్ చేయాలో అవి చెబుతాయి. అడ్రస్‌లో కింది బైట్ ముందు వస్తుంది కాబట్టి 01 08 అని ఉంటే 0801గా చదవాలి. మామూలు లెక్కలో 2049. బేసిక్ భాషలో రాసిన ప్రోగ్రాములు మొదలయ్యేది అక్కడే.

అలాగని అది బేసిక్ ప్రోగ్రామేనని అనుకోకండి. కుడిపక్క అక్షరాల కాలమ్‌లో 2061 అని కనిపించిందా? అది ‘సిస్ 2061’ అనే ఒక్క లైను. రన్ కొట్టగానే ఆ అడ్రస్‌లోని మెషీన్ కోడ్‌కి (ప్రాసెసర్ నేరుగా నడిపే ఆదేశాలకు) దూకడానికే పెట్టారు. అసలు సరుకంతా దాని వెనకే.

ఆ కోడ్ చదవడానికి సీసీ65 అనే టూల్ సెట్‌తో వచ్చే డీఏ65 చాలు; అది మెషీన్ కోడ్‌ని చదవగలిగే ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చే (డిస్అసెంబ్లీ చేసే) ప్రోగ్రాము. హెడర్ 2 బైట్లు, ఆ బేసిక్ లైను 12 బైట్లు. ఈ 14నీ టెయిల్ కమాండ్‌తో తీసేసి, స్టార్ట్ అడ్రస్ 2061 ఇవ్వండి. హెడర్ తీసేయకుండా ఉంచేస్తే అడ్రస్‌లన్నీ రెండేసి బైట్లు జరిగిపోతాయి, జంప్‌లు ఇన్‌స్ట్రక్షన్ల మధ్యలో పడుతున్నట్టు కనిపిస్తాయి. చాలామంది తలపట్టుకునేది ఇక్కడే.

ఇక స్ట్రింగ్స్ సంగతి. స్క్రీన్ మెమరీలో నేరుగా రాసే ప్రోగ్రాముల్లో ‘ఎ’ అక్షరం విలువ 65 కాదు, 1. అంకెలు మాత్రం ఆస్కీలో (కంప్యూటర్లు అక్షరాలకు మామూలుగా వాడే కోడ్‌లో) లాగే ఉంటాయి. అందుకే అంకెలు దొరికి, మాటలు దొరకవు. గేమ్ అయితే కంప్రెస్ చేసి ఉండే అవకాశమూ ఎక్కువే. ముందు అలాంటి ఫైళ్లను విప్పే అన్‌పీ64 అనే ప్రోగ్రాముతో విప్పి చూడండి. డిస్అసెంబ్లీలో కాసిని వరుసల తర్వాత అర్థంపర్థం లేని ఇన్‌స్ట్రక్షన్లు మొదలైతే నా అనుమానం మొదట ఆ కంప్రెషన్ మీదే.

ప్రశ్న: కమోడోర్ కంపెనీదే మరో కంప్యూటర్ ఎమిగా ఫైళ్లకూ ఇదే పద్ధతా?

జవాబు: కాదు. అక్కడ ఫైల్ 00 00 03 ఎఫ్3తో మొదలవుతుంది, పై బైటే ముందు వస్తుంది. లోడ్ అడ్రస్ ఉండదు, ఎక్కడ పెట్టాలో ఆపరేటింగ్ సిస్టమే చూసుకుంటుంది. ఫైల్ కమాండ్ ఇస్తే అదే గుర్తుపట్టి ఎమిగా అని చెప్పేస్తుంది.